ఆ అవ్వకు ఏం పంపాలి?

ప్రశ్న: నేను 36 ఏళ్ల మహిళను. మాది కాకినాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆఫీసు పనిమీద జపాన్‌లోని ఒసాకా వెళ్లినప్పుడు, పని ముగిశాక సెలవు పెట్టి, షికోకు ద్వీపంలోని 88 ఆలయాల యాత్రలో మొదటి భాగాన్ని, అంటే తొకుషిమా ప్రాంతంలోని 23 ఆలయాలను, ఒంటరిగా నడిచి చూసి వచ్చాను. దారిలో ఒక అవ్వ నన్ను ఆపి నారింజ పండ్లు, 500 యెన్‌ల నాణెం చేతిలో పెట్టింది. ఇల్లు చూస్తే కలిగినవారిలా లేరు. వద్దని రెండుసార్లు తిరిగి ఇవ్వబోయాను. ఆమె ముఖం చిన్నబోయింది. చివరికి తీసుకుని, యాత్రికులు ఇచ్చే పేరు చీటీ ఒకటి ఇస్తే ఆమె దాన్ని కళ్లకు అద్దుకుంది. మరొక రోజు వానలో ఆఖరి బస్సు తప్పిపోతే, చిన్న ట్రక్కులో వెళుతున్న ఒక పెద్దాయన నన్ను బస దాకా దింపాడు. 3,000 యెన్‌లు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుని, బస యజమానురాలిని పలకరించి వెళ్లిపోయాడు. నా చీటీలన్నీ తడిసిపోవడంతో ఆయనకు అదీ ఇవ్వలేదు. బస్ స్టాపులో మరిచిపోయిన నా ఫోన్ మరునాడు పోలీసు కేంద్రంలో దొరికింది. తెచ్చి ఇచ్చిన మనిషి తనకు ఏమీ అక్కర్లేదని, పేరు చెప్పవద్దని అన్నారట. తిరిగి వచ్చి ఆరు నెలలు దాటినా మనసులో భారంగా ఉంది. అవ్వతో దిగిన ఫొటోను సోషల్ మీడియాలో పెట్టి ఆమెను వెతికి, ఒక ఉప్పాడ జాందానీ చీర, కొంత డబ్బు పంపాలని ఉంది. పరాయివాళ్ల ఋణం ఉంచుకోకూడదని, అసలు ఆ ట్రక్కు ఎక్కడమే తప్పని అమ్మ అంటుంది. అక్కడ అది మామూలే, మరిచిపొమ్మని స్నేహితురాలు అంటోంది. నేనేం చెయ్యాలి?

సమాధానం: ముందుగా ఆ 500 యెన్‌ల సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది అదేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. షికోకు యాత్రికులకు దారి పొడవునా స్థానికులు పండో, టీయో, అన్నపు ముద్దో, చిల్లర డబ్బో ఇవ్వడాన్ని ఒసెత్తాయి అంటారని, దాన్ని కాదనడం అక్కడి మర్యాద కాదని మీరు నడిచిన దారిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఎందుకు కాదనకూడదో మాత్రం చెప్పి ఉండకపోవచ్చు. 774లో ఆ ద్వీపంలోనే పుట్టి, షింగొన్ బౌద్ధ సంప్రదాయాన్ని జపాన్‌లో స్థాపించిన కూకాయ్, అంటే మరణానంతరం కోబో దైషి అన్న బిరుదుతో పూజలందుకుంటున్న ఆచార్యుడు, ప్రతి యాత్రికుడి పక్కనా తానూ నడుస్తాడని వారి నమ్మకం. యాత్రికుల గడ్డి టోపీల మీదా చేతికర్రల మీదా కనిపించే నాలుగు అక్షరాలకు ‘ఇద్దరం కలిసి నడుస్తున్నాం’ అని అర్థం. కాబట్టి ఆ అవ్వ నాణెం పెట్టింది మీ చేతిలోనే అయినా, ఆమె ఇచ్చింది మీకు ఒక్కరికే కాదు. సుమారు 1,200 కిలోమీటర్ల ఆ దారిని ఇక తన కాళ్లతో చుట్టి రాలేని వయసులో, మీ ప్రయాణంలో తనకూ ఒక పాలు ఉండాలని ఆమె కోరుకుంది. మీరు వెనక్కి ఇస్తున్నప్పుడు ఆమె ముఖం చిన్నబోవడానికి కారణం డబ్బు కాదు, ఆ పాలు తనకు దక్కదేమోనన్న భయం. చివరికి మీరు తీసుకున్నారు కనుక అక్కడ జరగవలసినది జరిగినట్టే.

ఇల్లు చూసి ఆమె ఆర్థిక స్థితిని అంచనా వేశారు. ఆ అంచనా తప్పు కావచ్చు, నిజమే కావచ్చు. నిజమే అయినా, ఇవ్వగలిగే స్తోమత తనకు ఉందో లేదో తేల్చుకోవలసింది ఆమే తప్ప మీరు కాదు. మీది కాకినాడ కనుక లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి (1841–1909) పేరు మీకు కొత్త కాదు. గోదావరి పాయలు దాటి వేళాపాళా లేకుండా వచ్చే బాటసారులకు వండి పెట్టిన ఆ తల్లి ఇంట అన్నం తిన్న మనిషి, చేయి కడుక్కుని వచ్చి ‘ఎంతయిందమ్మా’ అని జేబులో చేయి పెడితే ఆమెకు ఎలా ఉండేదో ఊహించుకోండి. ఆ నాణెం ఇంకా మీ దగ్గర ఉందో, ఖర్చయిందో మీరు రాయలేదు. ఖర్చయితే చింత లేదు, యాత్రికుడి ఆకలికి వాడమనే అలాంటి డబ్బు ఇస్తారు. మిగిలి ఉంటే, మళ్లీ వెళ్లినప్పుడు ఏదో ఒక ఆలయంలోని కానుకల పెట్టెలో ఆమె పేరు తలుచుకుని వేయండి; పేరు తెలియదంటారా, ఆ ముఖాన్ని తలుచుకున్నా చాలు.

ఇక మీరు ఇచ్చిన చీటీ. దాన్ని మీరు చాలా తక్కువగా చూస్తున్నట్టున్నారు. నా దృష్టిలో మీ కృతజ్ఞతలో ముఖ్యభాగం అక్కడే చెల్లిపోయింది. ఒసామెఫుదా అనే ఈ చీటీ మీద పేరు, ఊరు, తేదీ, కోరిక రాసి ప్రతి ఆలయంలోనూ సమర్పించడం, ఒసెత్తాయి ఇచ్చిన వారికి ధన్యవాదంగా ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. మొదటిసారి వెళ్లేవారివి తెల్లనివి. నూరుసార్లు చుట్టినవారివి జరీ పట్టువి, వాటిని పొందినవారు అదృష్టంగా దాచుకుంటారు. ఆ ప్రాంతంలోని కొన్ని పాత ఇళ్లలో, తరతరాలుగా యాత్రికులు ఇచ్చిన చీటీలను గడ్డి సంచిలో నింపి, ఇంటికి రక్షగా అటక కింద వేలాడదీసేవారు. ఈ చీటీల పుట్టుక గురించి ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఎమొన్ సబురో అనే ధనవంతుడు గుమ్మంలోకి భిక్షకు వచ్చిన సన్యాసిని పదేపదే తరిమి, ఒకనాడు చీపురుతో కొట్టబోతే భిక్షాపాత్ర ఎనిమిది ముక్కలైందట. ఆ తరువాత అతని ఎనిమిదిమంది కొడుకులూ ఒకరి వెంట ఒకరు చనిపోయారు. వచ్చినవాడు కోబో దైషి అని గ్రహించి, క్షమాపణ కోసం వెతుకుతూ, తాను వచ్చి వెళ్లినట్టు తెలియాలని చోటు చోటునా తన పేరు రాసిన చీటీలు వదులుతూ ద్వీపాన్ని 20 సార్లు చుట్టినా ఆయన కనిపించలేదు. 21వ సారి ఎదురు దిశలో నడిచి, మీరూ ఎక్కి దిగిన 12వ ఆలయం షోసాన్‌జీ కొండ దారిలో ప్రాణం పోయే వేళకు ఆయనను కలుసుకున్నాడు. ఈ కథను చారిత్రక సత్యంగా తీసుకోనక్కరలేదు కానీ, ఆ అవ్వ మీ చీటీని కళ్లకు ఎందుకు అద్దుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. భిక్షకు వచ్చినవారిని కాదన్న మనిషి ఏమవుతాడో చెప్పే ఆ కథలు వింటూ పెరిగినవారికి, తీసుకున్న యాత్రికుడు తిరిగి ఇచ్చే పేరు చీటీ ఒట్టి కాగితం కాదు.

ఇప్పుడు చీర, డబ్బు సంగతి. రెండూ వద్దు. డబ్బు పంపితే ఆమె ఇచ్చినదానికి వెల కట్టినట్టవుతుంది, ఇంతకంటే వివరించనక్కరలేదనుకుంటాను. చీర విషయంలో మీ మనసు మంచిదే, ఉప్పాడ నేతను చూసి ముచ్చటపడని వారుండరు. అయితే జపాన్‌లో కానుక అందుకున్నవారు తిరిగి కానుక పంపడం గట్టి సంప్రదాయం. దానికి ఒకాయెషి అని పేరు. వచ్చినదాని విలువలో మూడో వంతు నుంచి సగం దాకా తిరిగి ఇవ్వడం వాడుక. వేల రూపాయల చీర ఒకటి విదేశం నుంచి వచ్చి ఒడిలో పడితే, ఆ వయసు మనిషి దాని ఖరీదు ఎంతో తెలియక, తిరిగి ఏం పంపాలో తోచక, పోస్టాఫీసుకు వెళ్లి పరాయి లిపిలో చిరునామా రాయించుకోలేక పడే అవస్థను ఆలోచించండి. మీ గుండె మీది భారం దిగుతుంది, ఆమె నెత్తిన ఎక్కుతుంది. కృతజ్ఞత పేరుతో మనం చేసే చాలా పనులు నిజానికి మన మనశ్శాంతి కోసం చేసేవే. పంపే ముందు ఇది ఎవరికోసం అని ఒకసారి అడిగి చూసుకోవడం మంచిది.

ఫొటోను సోషల్ మీడియాలో పెట్టి వెతకడం మాత్రం ససేమిరా వద్దు. పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఆమె ఒప్పుకుంది గానీ, తన ముఖమూ తన ఇంటి గుమ్మమూ లక్షలమంది చూడడానికి ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా ఇతరుల ముఖాలను బహిరంగంగా పెట్టడాన్ని జపాన్‌లో చాలా పట్టింపుగా చూస్తారు. దారిన పోయేవారి ముఖాలను మసకబరిచాకే ఫొటోలు పెట్టేవారు అక్కడ ఎందరో ఉన్నారు. పైగా ఒంటరిగా ఉండే ముసలివారి ఇల్లు ఎక్కడుందో ఊరందరికీ చాటడం ఏ దేశంలోనైనా క్షేమం కాదు.

ఆమెకు మీ మాట చేరవేయడానికి ఇంతకంటే నెమ్మదైన దారి ఉంది. ప్రతి ఆలయంలోనూ ముద్ర వేయించుకుని, సిరాతో రాయించుకున్న పుస్తకం మీ దగ్గర ఉండే ఉంటుంది. అవ్వ కనిపించింది ఏ రెండు ఆలయాల నడుమో ఆ పుస్తకం చూస్తే గుర్తుకు వస్తుంది. ఫొటో తీసిన తేదీ, వేళ కలిపి చూస్తే ఏ పల్లెలోనో దాదాపు తేలిపోతుంది. ఆ రాత్రి మీరు దిగిన బస యజమానులకు ఒక చిన్న ఉత్తరం రాయండి. అలాంటి పల్లెల్లో దారి పక్కన కూర్చుని యాత్రికులకు పండ్లిచ్చే అవ్వ ఎవరో చుట్టుపక్కల వారికి తెలియకుండా ఉండడం అరుదు. ఆమె పేరూ చిరునామా మీకు ఇమ్మని మాత్రం అడగకండి. కవరులో పెట్టిన కార్డును వీలైతే ఆమెకు అందజేయమని, వీలుకాకపోతే వారే ఉంచుకొమ్మని రాయండి. కార్డులో నాలుగైదు వాక్యాలకు మించవద్దు: మీరు ఎవరో, ఏ నెలలో ఆ దారిన వచ్చారో, ఆమె ఇచ్చిన పండ్లు ఎక్కడ కూర్చుని తిన్నారో, ఏ ఆలయం దాకా నడవగలిగారో. పండ్లు తిన్న చోటు రాయడం మరిచిపోకండి. ఇచ్చినవారికి అన్నిటికంటే తెలుసుకోవాలనిపించేది అదే. జపనీస్‌లోకి యంత్రంతో అనువదించుకుంటే పొట్టి వాక్యాలే రాసి, మీ ఒసాకా ఆఫీసులో పనిచేసే వారెవరికైనా ఒకసారి చూపించండి, ఎందుకంటే పెద్దవారితో మాట్లాడేటప్పుడు ఆ భాషలో వాడే మర్యాద రూపాలు యంత్రానికి ఒక్కోసారి తప్పిపోతాయి. అడుగున తెలుగులో ఒక వాక్యం మీ చేతిరాతతో రాయండి. ఇద్దరూ కలిసి దిగిన ఫొటోను అచ్చు వేయించి లోపల పెట్టండి. దానికి బదులుగా ఆమె ఏమీ పంపవలసిన అవసరం కనిపించకుండా, మీ ఇంటి చిరునామా రాయకుండా ‘కాకినాడ, భారతదేశం’ అని మాత్రం రాస్తే ఇంకా బాగుంటుంది.

ట్రక్కు పెద్దాయన విషయం దీనికంటే సులువు. ఆయన బస యజమానురాలిని పలకరించాడని మీరే రాశారు, అంటే ఆమెకు ఆయన తెలిసినవాడే. ఆమె పేరుతో కార్డు పంపి, ఆయనకు అందించమని కోరండి. ఆనాడు తడిసిపోయి ఇవ్వలేకపోయిన పేరు చీటీని ఇప్పుడు రాసి అందులో పెట్టండి. ఆనాటి తేదీనే వేయండి. డబ్బు ఇవ్వబోయినందుకు ఆయన నొచ్చుకున్నాడేమోనని కూడా మీరు కుమిలిపోనక్కరలేదు. అక్కడ టిప్పు ఇచ్చే అలవాటు లేదు. ఇవ్వదలచిన సందర్భాల్లోనూ నోట్లను కవరులో పెట్టి ఇస్తారు తప్ప చేతికి చేతిగా ఇవ్వరు. విదేశీయులకు ఇది తెలియదని వారికి బాగా తెలుసు.

ట్రక్కు ఎక్కడం తప్పన్న మీ అమ్మగారి మాటను మాత్రం తేలిగ్గా తీసేయలేను. అక్కడ మంచే జరిగింది, సంతోషం. అయితే ఒసెత్తాయిని కాదనకూడదన్న మర్యాద పండుకూ, నాణేనికీ వర్తించినట్టు, ఒంటరి స్త్రీకి బండిలో చోటుకూ, రాత్రి బసకూ వర్తించదు. మొత్తం నడిచే పూర్తి చేయాలని మొక్కుకున్నానని చెప్పి బండిని కాదనడం ఆ దారిలో అందరికీ అర్థమయ్యే, ఎవరినీ నొప్పించని మాట. ఎక్కడమే తప్పనిసరి అయితే, ఎక్కే ముందే బసకు ఫోన్ చేసి, ఏ బండిలో వస్తున్నదీ ఆ మనిషి ఎదుటే చెప్పండి. మంచివాడైతే దానికి ఏమీ అనుకోడు. సాయం చేసినవారికి ధన్యవాదం చెబితే సరిపోతుంది. ఇష్టం లేకపోయినా వారి పక్కన కూర్చుని ప్రయాణం చేయడమో, వారు అడిగినదల్లా ఒప్పుకోవడమో మీ బాధ్యత కాదు.

ఫోన్ తెచ్చిచ్చిన మనిషిని వెతకవద్దు. జపాన్ చట్టం ప్రకారం పోయిన వస్తువు తెచ్చి అప్పగించినవారికి, సొంతదారు నుంచి దాని విలువలో 5 నుంచి 20 శాతం దాకా బహుమానం అడిగే హక్కు ఉంది, వస్తువు సొంతదారుకు చేరిన నెల రోజుల్లోగా అడగాలి. ఆ హక్కును ముందే వదులుకునే వీలు కూడా ఉంది. ఆ మనిషి అదే చేశారు, పైగా పేరు కూడా దాచుకున్నారు. తెలియకుండా ఉండిపోవాలన్న వారి కోరికను మన్నించడమే అక్కడ మీరు చేయగల ధన్యవాదం.

మీ స్నేహితురాలి మాటతో నేను ఏకీభవించను. ఆచారం ఉన్నంత మాత్రాన అది తనంతట తాను నడవదు. ఆ ఉదయం అవ్వ లేచి, పండ్లు ఏరి, దారి పక్కకు వచ్చి కూర్చుంటేనే అది ఆచారం. మామూలే అనుకుని మరిచిపోవడం, వెల కట్టి చెల్లించడం రెండూ ఒకటే, ఎదుటి మనిషిని చూడకపోవడం.

అలాగని ‘ఇక్కడ ఇంకెవరికైనా సాయం చెయ్యండి, అప్పు తీరిపోతుంది’ అని చాలామంది చెప్పే సలహాను కూడా నేను అలాగే చెప్పలేను. సికింద్రాబాద్ స్టేషనులో దారి తెలియక నిలబడిన విదేశీయురాలు మీ పాత బాకీ తీర్చుకోవడానికి వచ్చిన మనిషి కాదు. ఋణం ఉంచుకోకూడదన్న మీ అమ్మగారికి ఒక మాట గుర్తు చేయండి. మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడని చెబుతూ, వేద వాఙ్మయంలోని శతపథ బ్రాహ్మణం దేవతలకు, ఋషులకు, పితరులకు ఉన్న ఋణాలతో పాటు తోటి మనుషుల ఋణాన్ని కూడా చేర్చింది. ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టడమే దానికి చెల్లింపు అంది. ఫలానా మనిషి మనకు పెట్టాడు కనుక అని అక్కడ లేదు. అంటే ఆ అవ్వ నాణెం చేతిలో పెట్టకముందే మీకు ఆ ఋణం ఉంది, ఆమెకు చీర పంపినా అది ఉంటుంది. అమ్మగారికి ఈ కోణం నచ్చుతుందనుకుంటాను. ఇంకొక విశేషం కూడా చెప్పండి: కోబో దైషి తన గురుపరంపరలో మూల పురుషులలో ఒకరిగా లెక్కించిన నాగార్జునుడు, మనం నాగార్జునకొండ పేరుతో తలుచుకునే ఆచార్యుడేనని సంప్రదాయం చెబుతుంది. ఆ లెక్కన ఆ దారికీ మన కృష్ణా తీరానికీ అంత పాత చుట్టరికం ఉంది.

ఇక్కడ విదేశీయులు కనిపించినప్పుడు ఏం చేస్తే వారికి నిజంగా ఉపయోగమో, ఒంటరిగా తిరిగి వచ్చిన మీకే బాగా తెలుసు. చుట్టూ పదిమంది మూగి సెల్ఫీలు అడగడం వారికి సాయం కాదు. మన సిమ్ కార్డు, యూపీఐ లేకపోవడంతో చిన్న కొట్టులో నోటుకు చిల్లర దొరక్క నిలబడ్డవారికి చిల్లర ఇవ్వడం, ఆటో అతనితో ఛార్జీ మాట్లాడిపెట్టడం, మహిళల బోగీ ఎక్కడ ఆగుతుందో చూపించి వెంటనే తప్పుకోవడం, ఇవి సాయాలు. పేరూ ఊరూ అడగకుండా వెళ్లిపోతే ఇంకా మంచిది, ఒంటరిగా ఉన్న స్త్రీకి ఆ ప్రశ్నలే ఎక్కువ బెదురు పుట్టిస్తాయి.

మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే, యాత్రను విడతలుగా చేయడం అక్కడ అంగీకృతమైన పద్ధతే. 23వ ఆలయం నుంచి మురోతో అగ్రంలోని 24వ ఆలయానికి దాదాపు 75 కిలోమీటర్ల సముద్రపు దారి, దుకాణాలు పలచగా ఉంటాయి; ఆ దూరంలో మీకు మళ్లీ చాలా చేతులు ఎదురవుతాయి. చీటీలు ముందుగానే రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, సంచి అడుగున కాక పై జేబులో ఉంచుకోండి.

ఆ రెండు కార్డులు పంపడానికి మాత్రం కొత్త సంవత్సరం దాకా ఆగవద్దు. జపాన్‌లో జనవరి 1న అందేలా శుభాకాంక్షల కార్డులు పంపుకునే అలవాటు ఉన్నా, ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ కుటుంబం వారు వాటిని పంపరు, వారికి ఇతరులూ పంపరు. మీకు ఆ ఇళ్ల సంగతులు తెలియవు కనుక పండుగతో సంబంధం లేని మామూలు ధన్యవాదాల కార్డే క్షేమం. ఈ వారంలో రాసి, ఆదివారం లోపల ఒసాకాలోని సహోద్యోగికి చూపించి, సోమవారం పోస్టు చెయ్యండి.